ఫొటోలో పడని పని గురించి: గోదావరి జిల్లాల విద్యాశాఖ అధికారులకు ఒక లెక్కల టీచరు బహిరంగ లేఖ

జిల్లా విద్యాశాఖాధికారులకు, మండల విద్యాశాఖాధికారులకు, మా క్లాసులు చూడ్డానికి వచ్చే అబ్జర్వర్లకు, పైన కూర్చుని మాకు శిక్షణలు తయారుచేసే పెద్దలకు,

నమస్కారమండి. నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంటుని. పేరు రాయట్లేదు, ఎందుకో మీకు తెలుసు. ఈ ఉత్తరం పీఆర్సీ గురించి కాదు, బదిలీల గురించి కాదు, ఆ సంగతులు చూసుకోడానికి సంఘాలున్నాయి, వాళ్ళు మీకు రాస్తూనే ఉంటారు. ఇది పీరియడ్ బెల్లు కొట్టాక తలుపు లోపల జరిగే పని గురించి. ఆ పని గురించి మీరూ మేమూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కసారైనా తీరిగ్గా మాట్లాడుకున్న పాపాన పోలేదు, నా కంప్లయింటల్లా అదే.

మీరు క్లాసులోకి వస్తే ఏం చూస్తారో మాకు కంఠతా వచ్చు. లెసన్ ప్లాన్ ఉందా, డైరీ రాశారా, బోర్డు మీద తేదీ, హాజరు సంఖ్య వేశారా, టీఎల్ఎం (బోధనా సామగ్రి) వాడారా, ఐఎఫ్‌పీ (గోడకున్న డిజిటల్ తెర) ఆన్‌లో ఉందా, నోటుబుక్కుల్లో ఎర్ర ఇంకు కనిపిస్తోందా. ఇటు మా స్టాఫ్ రూములో మాట ఇంకోలా ఉంటుంది: "పాఠం చెప్పడం ఒక కళండి, అది పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు." మీ దృష్టిలో బోధన ఒక ప్రొసీజరు, మావాళ్ళ దృష్టిలో ఒక వరం. ఎటు తీసుకున్నా సుఖం ఒకటే, దాని గురించి ఎవరూ ఎవరితోనూ చర్చించక్కర్లేదు. ప్రొసీజరుకి టిక్కు పెట్టేస్తారు, వరానికి దండం పెట్టేస్తారు.

నేను చెప్పొచ్చేదేమిటంటే ఈ పనికి ఊహా కావాలి, సాంకేతికంగా పక్కా జ్ఞానమూ కావాలి, అవి రెండూ ఒకే నిమిషంలో, నలభై మంది పిల్లలు మన మొహం వంక చూస్తుండగా కావాలి. ఇలా గాల్లో చెబితే ఉపన్యాసంలా ఉంటుంది కాబట్టి ఒక లెక్క చూపిస్తాను. ఓపిగ్గా చదవండి, మీలో చాలామంది ఒకప్పుడు టీచర్లే.

ఆరో తరగతి, దశాంశాలు. 0.3 పెద్దదా 0.25 పెద్దదా అని అడిగితే చాలా చేతులు 0.25కే లేస్తాయి. మూడు కంటే పాతిక పెద్దది కదా, వాళ్ళ లెక్క వాళ్ళకుంది. దీనికి మామూలుగా చెప్పే దారి, 0.3 చివర సున్నా పెట్టు, 0.30 అయింది, ఇప్పుడు పోల్చు అని. పిల్లలు పెట్టేస్తారు, మార్కు వచ్చేస్తుంది, ఆ సున్నా ఎందుకు పెట్టారో మాత్రం వాళ్ళకి తెలీదు. మన డెల్టా పిల్లలకి ఇంకో దారి ఉంది. వరి చేనైనా, కొబ్బరితోటైనా, చేపల చెరువైనా ఇళ్ళలో మాటలు నడిచేది ఎకరాల్లో, సెంట్లలో. ఎకరానికి నూరు సెంట్లని చాలామంది పిల్లలకి మనం చెప్పక్కర్లేదు. ఎకరాన్ని పది ముక్కలు చేస్తే ముక్కకి పది సెంట్లు, అలాంటివి మూడు ముక్కలంటే 0.3 ఎకరం, అంటే ముప్పై సెంట్లు. 0.25 అంటే పాతిక. మీ నాన్న పంచితే నీకేది కావాలిరా అని అడిగితే "ముప్పై సెంట్లే ఇప్పించండి మాస్టారూ" అంటాడు, క్లాసంతా నవ్వుతుంది. ఆ క్షణంలో మీరు వెనక బెంచీలో కూర్చుని ఉంటే 'స్థానిక ఉదాహరణ వాడారు' అన్న గడిలో టిక్కు పెట్టి, ఒక ఫొటో తీసుకుని, పక్క క్లాసుకి వెళ్ళిపోతారు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలవుతుందండి. ఎకరం అయిదు సెంట్లని దశాంశాల్లో రాయమంటే అదే పిల్లాడు 1.5 అని రాస్తాడు. 1.5 అంటే ఎకరంన్నర. తేడా 45 సెంట్లు, మా ఊళ్ళో దానికి అన్నదమ్ములు కోర్టుకెళ్తారు. ఎందుకలా రాశాడంటే వాడి బుర్రలో చుక్క అనేది రెండు పూర్ణాంకాల మధ్య గట్టు, గట్టుకి ఇవతల ఎకరాలు, అవతల సెంట్లు. ఈ అపోహ వాడికి ముందే ఉంది, నా సెంట్ల ఉదాహరణ దానికి ఇంకాస్త బలం పోసింది. 0.125 ఎకరం ఎంతరా అంటే నూటపాతిక సెంట్లంటాడు, అంటే ఎకరం కంటే ఎక్కువ! డబ్బుతో చెప్పినా ఇదే తంతు, రూపాయలూ పైసలూ కూడా రెండు స్థానాల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి సెంట్లని ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఎంత ముఖ్యమో ఎక్కడ వదిలెయ్యాలన్నదీ అంతే ముఖ్యం, ఆ వదిలేసే చోటు తెలియాలంటే ఊళ్ళో పొలాలు తెలిస్తే సరిపోదు, దశాంశాల్లో పిల్లలు ఎన్ని రకాలుగా తప్పుతారో తెలియాలి.

వదిలేసి ఎక్కడికి వెళ్ళాలి? నేనైతే ధవళేశ్వరం వెళ్తాను. కాటన్ బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. వరదల రోజుల్లో ఈ అంకెలు టీవీలో, ఫోన్లలో, టీకొట్టు దగ్గర తిరుగుతూనే ఉంటాయి, లంక గ్రామాల పిల్లలకైతే రెండో హెచ్చరిక అంటే సామాను సర్దుకోవడమే. సరే, 11.75 అడుగులంటే 11 అడుగుల ఎన్ని అంగుళాలు? క్లాసులో సగం 75 అంటారు. నేను మాట్లాడను. కాసేపటికి ఎవరో ఒకరు గొణుగుతారు, అడుగుకి పన్నెండంగుళాలే కదండీ అని. ఆ గొణుగుడు కోసమే కాచుక్కూర్చుంటాను. అప్పుడు వాళ్ళ 75 అంగుళాల్నే తీసుకుని లెక్కేద్దామంటాను: 75 అంగుళాలంటే ఆరడుగుల మూడంగుళాలు, దానికి 11 కలిపితే 17 అడుగుల 3 అంగుళాలు. అంటే మొదటి హెచ్చరిక ఇచ్చేసరికే నీళ్ళు మూడో హెచ్చరికకి అరడుగు కింద ఉన్నాయన్నమాట! లంక పిల్లలు గొల్లుమంటారు, అలా అయితే మేమిక్కడ ఉండమండీ అని. 0.75 అంటే అడుగులో ముప్పావు, తొమ్మిది అంగుళాలు అని వాళ్ళే తేలుస్తారు. సెంట్లతో విరగని గట్టు ఇక్కడ విరుగుతుంది, ఎందుకంటే అడుగుకి ముక్కలు నూరు కావు, పన్నెండు.

ఇందులో ఏది కళ, ఏది శాస్త్రం అని నన్నడిగితే విడదీసి చెప్పలేను. వరద హెచ్చరిక గుర్తుకు రావడం ఊహే. కానీ పన్నెండు అన్న సంఖ్య నూరుని బద్దలు కొడుతుందని తెలియకపోతే ఆ ఊహకి పని లేదు, అదొక కబురుగా మిగిలిపోతుంది. ఇంకో సంగతి. మొదటి ప్రశ్నకి 0.3 పెద్దదని సరిగ్గా చెప్పిన పిల్లలున్నారే, వాళ్ళందరికీ వచ్చిందనుకోకండి. వందో వంతులు చిన్న ముక్కలు కాబట్టి చుక్క తర్వాత అంకెలు తక్కువున్నదే పెద్దది అని సొంత సూత్రం పెట్టుకున్నవాళ్ళు వాళ్ళలో ఉంటారు. వాళ్ళని 0.4, 0.45 అడగండి, 0.4 పెద్దదంటారు. అంటే ఒకే ప్రశ్న వేసి ఊరుకుంటే తప్పు సూత్రానికి మనమే మార్కు వేసి పంపిస్తున్నాం. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కేయ్ స్టేసీ, విక్కీ స్టైన్లే ఏళ్ళ తరబడి ఈ దశాంశాల తప్పులనే జాతులవారీగా వేరుచేసి చూశారు, ఏ జంట సంఖ్యలు అడిగితే ఏ అపోహ బయటపడుతుందో తేల్చారు. ఇలాంటిది మాకొచ్చిన ఏ శిక్షణలోనూ ఒక్క స్లయిడులో కూడా కనబడలేదు.

మా ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు పిల్లలకి భిన్నాలు చెప్పాలంటే రొయ్యల కౌంటు ఉండనే ఉంది. 100 కౌంటంటే కిలోకి వంద తూగేవి, ఒక్కోటి 10 గ్రాములు. 50 కౌంటంటే 20 గ్రాములు, 40 కౌంటంటే 25. కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది, రేటు పడిపోతుంది. హారం పెద్దదైతే భిన్నం చిన్నదవుతుందని నెత్తీనోరూ కొట్టుకోనక్కర్లేదు. అదే ఉదాహరణ పట్టుకుని కడియం నర్సరీల మధ్య ఉన్న బడికి వెళ్తే కౌంటంటే ఏమిటో చెప్పడానికే పీరియడ్ అయిపోతుంది. అందుకే దయచేసి ఈ ఉత్తరం చదివి "ఇకపై భిన్నాలు రొయ్యలతో బోధించవలెను" అని సర్క్యులర్ ఇవ్వకండి. నవ్వులాటకి అనట్లేదు, ఇలాంటివి జరుగుతాయి.

లెక్కలకే కాదు. మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి మాత్రమే శ్వాసిస్తాయి అని చాలామంది పిల్లలు పదో తరగతి పాసై వెళ్ళేదాకా నమ్ముతారు. చెరువుల ఊళ్ళో పిల్లలకి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎక్కువగా రాత్రిళ్ళు, తెల్లవారుజామున తిరుగుతాయని తెలుసు, నాన్న నిద్ర మానుకుని చెరువు గట్టుకి వెళ్ళడం చూస్తారు. ఎందుకు వెళ్తున్నాడన్న ప్రశ్న దగ్గర పాఠం మొదలుపెట్టొచ్చు. నీళ్ళలో నాచు పగలు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి తయారీ ఆగిపోతుంది, కానీ రొయ్యా, నాచూ, అడుగున ఉన్న బురదలో సూక్ష్మజీవులూ అన్నీ పీలుస్తూనే ఉంటాయి, తెల్లారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. ఇంతవరకూ చాలామంది టీచర్లు చెప్పగలరు. అపోహని పట్టుకునే ప్రశ్న మాత్రం ఇంకొకటుంది: మబ్బు పట్టిన రోజు పగలు కూడా ఏరేటర్లు ఎందుకు వేస్తారు? మబ్బుకి ఆక్సిజన్ తయారీ తగ్గుతుంది, పీల్చడం మాత్రం పగలూ ఆగదు. పగలు మొక్కలు శ్వాసించవు అనుకునే పిల్లాడికి ఇది మింగుడుపడదు. అక్కడ వాడిని కాసేపు వదిలెయ్యాలి. ఆ నిశ్శబ్దంలో మీరు తలుపు దగ్గర నిలబడి ఉంటే టీచరు ఖాళీగా ఉన్నాడని రాసుకుంటారేమోనని మాకు టెన్షన్.

నేనేదో కొత్తగా కనిపెట్టి చెబుతున్నది కాదిది. అమెరికాలో లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లోనే చెప్పాడు, సబ్జెక్టు తెలియడం వేరు, బోధనా పద్ధతులు తెలియడం వేరు, ఈ రెండూ కలిసిన చోట టీచరు సొంతమైన జ్ఞానం ఒకటుంది, ఏ ఉదాహరణ ఎందుకు పనిచేస్తుంది, ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారు అన్నది అందులోదేనని. బీఈడీలో పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అని చదివినవాళ్ళమే. కానీ మనం టీచర్లని ఎంచుకునే తీరు చూడండి. టెట్‌లో 150 బిట్లు, అందులో శిశు వికాసం, పెడగాజీకి 30. అడిగేదల్లా పిల్లల మానసిక ఎదుగుదల గురించి పియాజె చెప్పిన దశలెన్ని, వైగాట్‌స్కీ ఏమన్నాడు. కోచింగ్ సెంటర్ల ఊరు అవనిగడ్డలో గది అద్దెకి తీసుకుని రాత్రీపగలూ బిట్లు బట్టీపట్టిన కుర్రాళ్ళూ అమ్మాయిలూ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి పోటీపడ్డారు. వాళ్ళని తప్పుపట్టడం లేదు, గట్టి పిల్లలు. కానీ ఒక పిల్లాడి నోటుబుక్కు పేజీ ముందు పెట్టి, వీడు ఈ జవాబు ఎందుకు రాసుంటాడు, తర్వాత వీడిని ఏమడుగుతావు అన్న ప్రశ్న వాళ్ళకి ఆ దారిలో ఎక్కడా ఎదురుకాదు. బిట్ల పరీక్షలోనే అలాంటివి పెట్టొచ్చు, నాలుగు కారణాలిచ్చి సరైనది ఎంచుకోమనొచ్చు, పైసా ఖర్చుండదు.

మీ టీచ్ టూల్ గురించి కూడా ఒక మాట. ప్రపంచ బ్యాంకు 2019లో బయటకి తెచ్చిన పరిశీలనా పద్ధతి, సాల్ట్ అనే బడుల మెరుగుదల కార్యక్రమంతో పాటు మన రాష్ట్రానికొచ్చింది. నేను దానికి వ్యతిరేకిని కాదు. పిల్లలు పనిలో ఉన్నారా లేదా, టీచరు మర్యాదగా మాట్లాడుతున్నాడా, పిల్లల చేత మాట్లాడిస్తున్నాడా, ఇవన్నీ చూడాల్సినవే, బెత్తం రోజుల నుంచి వచ్చినవాళ్ళం, ఆ విలువ మాకు తెలుసు. కానీ అది ఏ సబ్జెక్టుకైనా ఒకేలా పనిచేసేట్టు తయారుచేసిన కొలబద్ద. పదిహేనేసి నిమిషాల ముక్కలుగా చూసి మార్కులేస్తారు. ఎకరం అయిదు సెంట్లని 1.5 అని బోర్డు మీద నేనే రాసి, పిల్లల్ని నవ్వుతూ పలకరించి, ముగ్గుర్ని ప్రశ్నలడిగి, శభాష్ అంటే ఆ కొలబద్ద మీద మంచి మార్కులే రావచ్చు. తెలుగు టీచరు లెక్కల క్లాసుకి అబ్జర్వరుగా వస్తే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం.

ఇక డాష్‌బోర్డులు. జిల్లా సగటు ఇంత, మండలం ర్యాంకు అంత అని వాట్సాప్ గ్రూపుల్లో రంగుల పట్టీలు పెడతారు. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది విప్పి చెప్పాలా? కాలువ మొదట్లో ఉండే తూము, హెడ్ స్లూయిస్ దగ్గర గేజీ నిండుగానే చూపిస్తుంది, శివారు రైతు చేను మాత్రం నెర్రెలిస్తుంది. కాలువ నీళ్ళు చూసే మంచి లస్కరుకి గేజీ చదవడమూ వచ్చు, ఏ బోదె ఎక్కడ పూడిందో, ఎవరు ఎక్కడ అడ్డం వేశారో కూడా తెలుసు. మా వెనక బెంచీలకి నీళ్ళెందుకు అందట్లేదో మీ సగటు చెప్పదు, నోటుబుక్కు చెబుతుంది.

మావాళ్ళతోనూ నాకు పేచీ ఉంది, దాచుకోను. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకీ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. ఆన్‌లైన్ కోర్సుల్లో గంటలు గడిచిపోతాయి, వీడియో ఓ పక్కన నడుస్తుంటుంది, సర్టిఫికెట్ వచ్చేస్తుంది, అందరికీ తెలిసిన భాగోతమే. చెప్పడం వరం అనేవాళ్ళు ఆ వరం ఎలా వచ్చిందో పక్కవాడికి చెప్పరు. మా దగ్గర రిటైరైన ఒక సీనియర్ మాస్టారు రుణ సంఖ్యలు ఎంత బాగా చెప్పేవారో పాత విద్యార్థులు ఇప్పటికీ తలుచుకుంటారు, ఏం చెప్పేవారో ఏ టీచరూ రాసి పెట్టుకోలేదు. ఆయన ముప్పై ఏళ్ళలో పోగేసుకున్నది ఆయనతోనే ఇంటికెళ్ళిపోయింది. ఇంజినీరు డ్రాయింగులు ఆఫీసులో ఉంటాయి, డాక్టరు కేసు షీటు ఆసుపత్రిలో ఉంటుంది, మేం రిటైరైతే మిగిలేది శాలువా కప్పిన ఫొటో.

తనిఖీ అధికారి అడిగే ఒక్క ప్రశ్న ఎంత దూరం వెళ్తుందో మన చరిత్రలోనే ఉంది. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే తెల్లదొర మన ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. పిల్లలు మాట్లాడే తెలుగుకీ బడిలో చదివే తెలుగుకీ ఇంత తేడా ఉంటే ఎలా నేర్పుతున్నారని ఆయన లేవనెత్తిన సందేహాన్ని గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు పట్టుకున్నారు. వ్యావహారిక భాషోద్యమం అక్కణ్ణుంచి ఊపందుకుంది. నేనీ ఉత్తరం ఈ భాషలో రాస్తున్నానంటే అందులో ఆ ప్రశ్న పాలు కూడా ఉంది.

అందుకని నేనడిగేది కొంచెమే. నెలకోసారి చుట్టుపక్కల బడుల టీచర్లని కూర్చోబెట్టి క్లస్టర్ కాంప్లెక్స్ మీటింగు ఎలాగూ పెడుతున్నారు. పీపీటీ చదువుతారు, కొత్త యాప్‌లో ఏ బటన్ ఎక్కడుందో చెబుతారు, గ్రూపు ఫొటో, భోజనం, సంతకం. ఆ రోజులో మధ్యాహ్నం దాకా మాకు వదిలెయ్యండి. ఒక్కో సబ్జెక్టు టీచర్లు ఒక గదిలో కూర్చుంటాం, దిద్దిన నోటుబుక్కులు తెచ్చుకుంటాం, బాగున్నవి కాదు, తప్పులున్నవి. ఈ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది, దీనికి ఏ ఉదాహరణ పనికొస్తుంది, ఏది చెడగొడుతుంది, అని కొట్టుకుంటాం. ఇద్దరు కలిసి ఒక పాఠం తయారుచేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళం చూసి మళ్ళీ సరిచేస్తాం. జపాన్‌లో టీచర్లు వందేళ్ళకు పైగా చేస్తున్న పనే ఇది, జుగ్యో కెంక్యూ అంటారు, దానికి యాప్ లేదు. మీరు క్లాసు చూడ్డానికి వస్తే అదే సబ్జెక్టు మనిషిని పంపండి, పీరియడ్ మొత్తం కూర్చోమనండి, అయ్యాక పది నిమిషాలు మాతో మాట్లాడమనండి: ఈ ఉదాహరణే ఎందుకు తీసుకున్నారు, ఆ పిల్ల అలా అన్నప్పుడు ఎందుకు ఆగారు. మార్కులు వేసుకుంటే వేసుకోండి, ఆ మాటలు మాత్రం రాసుకోండి.

టైమెక్కడుందండీ అంటారు, సిలబస్ అంటారు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప చదువుకి సంబంధం లేని పనులు టీచర్లకి చెప్పకూడదంటోంది. ఆ సెక్షను ఓసారి చదివి, మా ఫోన్లలో ఉన్న పనుల చిట్టా పక్కన పెట్టుకుని చూడండి, టైము దానంతటదే దొరుకుతుంది. దీని గురించి ఇంతకంటే సాగదీయను.

వచ్చే కాంప్లెక్స్ మీటింగుకి మీలో ఎవరైనా ఒకరు రండి. దండలూ బొకేలూ ఉండవు, భోజనం మాత్రం మా బడిలో పిల్లలు తినేదే, డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన భోజనం ఆవిడ ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన సీమలో బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడు ఒక లెక్క ఆలోచించుకుని రండి. మా ఆరో తరగతిలో ఒక పిల్ల 4.7 + 2.5 = 6.12 అని రాసింది. జవాబు తప్పని చెప్పకండి, ఆ సంగతి మాకూ తెలుసు. ఆ పిల్ల 6.12 దాకా ఏ దారిన వచ్చింది, సెంట్లతో చెబితే దారి సరవుతుందా ఇంకా తప్పుతుందా, మీరైతే తర్వాత ఏ లెక్క ఇస్తారు?

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక లెక్కల మాస్టారు